తేలడం, మునగడం: తరగతి గదిలో చిన్న పరిశోధన చేయాలంటే

రాజోలు వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే మాస్టారొకరు అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆర్కిమెడిస్ సూత్రం పొల్లుపోకుండా రాస్తున్నారు, ఉత్ప్లవన బలం (నీళ్లు వస్తువుని పైకి నెట్టే బలం) లెక్కలూ చేస్తున్నారు. మునిగిన బంగాళాదుంపలోంచి చిన్న ముక్క కోసి నీళ్లలో వేస్తే ఏమవుతుందంటే మాత్రం చాలామంది తేలుతుందంటున్నారు. అందుకని ఏ సెక్షన్‌కి ప్రయోగాలతో, బి సెక్షన్‌కి మామూలుగా పాఠం చెప్పి, యూనిట్ పరీక్ష మార్కులు పోల్చి పరిశోధనగా రాద్దామనుకుంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి, ఎంతమంది పిల్లలు కావాలి అని అడిగారు.

మాస్టారూ, పోలికతో మొదలుపెట్టకండి. ముందు ఆ పిల్లలు "తేలుతుంది" అని ఏ ఆలోచనతో అంటున్నారో తెలియాలి. అది తెలియకుండా రెండు సెక్షన్ల మార్కులు పక్కపక్కన పెడితే ఏ సెక్షన్ ఎక్కువ బట్టీ పట్టిందో తప్ప ఇంకేమీ తేలదు. బి.ఇడి.లో రాయించే చర్యాత్మక పరిశోధన (టీచరు తన తరగతిలోనే చేసే పరిశోధన) నివేదికలు చాలావరకు ఇలాగే ఉంటాయి: ముందు పరీక్షలో సగటు నలభై, తర్వాత పరీక్షలో డెబ్బై అయిదు, కాబట్టి పద్ధతి ఫలించింది. తర్వాత పరీక్షలో ఇచ్చింది తరగతిలో చేసి చూపించిన లెక్కలే అయితే మార్కులు పెరగక ఏం చేస్తాయి?

మీ పిల్లల ఇబ్బంది కోనసీమకే పరిమితం కాదు. 1992లో అమెరికాలో హెస్టెనిస్, వెల్స్, స్వాక్‌హామర్ అనే ముగ్గురు బలం, చలనం మీద ఒక ప్రశ్నపత్రం ప్రచురించారు. అందులో లెక్కలుండవు, అన్నీ మామూలు మాటల్లో అడిగిన ప్రశ్నలే. తప్పు ఎంపికలన్నీ విద్యార్థుల నోటినుంచి వచ్చిన ఆలోచనలే. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ అలాంటి ప్రశ్నలనే తన విద్యార్థులకిస్తే, కష్టమైన లెక్కలు చేసినవాళ్లే ఈ తేలిక ప్రశ్నల దగ్గర తడబడ్డారు. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లోని ఆరువేలమందికి పైగా విద్యార్థుల ఫలితాలు పోగేసి చూశాడు. ముందు పరీక్షకీ తర్వాత పరీక్షకీ మధ్య పెరగడానికి ఎంత చోటుందో, అందులో ఎంత భాగం పెరిగారన్నది అతని కొలత. ఉపన్యాసంతోనే నడిచిన కోర్సుల్లో అది సగటున 0.23, విద్యార్థుల చేత ఆలోచింపజేసి, మాట్లాడించిన కోర్సుల్లో 0.48. మీరు వాడాల్సిన కొలతా ఇదే. లెక్క కింద చెబుతాను.

మొదటి మెట్టు: ఖాళీ కాగితం

పాఠం మొదలుపెట్టడానికి పది రోజుల ముందు పిల్లలకి మూడే మూడు ప్రశ్నలివ్వండి, ఎంపికలు లేకుండా. జవాబు ఒక వాక్యం, "ఎందుకంటే" తర్వాత ఇంకో రెండు వాక్యాలు. ఒక్కో ప్రశ్నకి అయిదు నిమిషాలు చాలు. కాగితం మీద పేరు వద్దు, మీరిచ్చిన నంబరు వేయించండి. మార్కులు లేవని ముందే చెప్పండి. పెన్నుతోనే రాయించండి, ఎందుకంటే పెన్సిలైతే పక్కవాడిది చూసి చెరిపేస్తారు. కొట్టేసి తిరిగి రాసింది కూడా మీకు పనికొచ్చే సమాచారమే.

ప్రశ్నలు మన చుట్టూ ఉన్నవే తీసుకోండి. కిలో పైన బరువున్న డొక్కతో ఉన్న కొబ్బరికాయ కాలువలో తేలుతుంది, చిన్న గోళీ మునుగుతుంది, ఎందుకు? బకెట్‌లో మునిగిన వస్తువుని గోదావరిలో లోతున్న చోట వేస్తే ఏమవుతుంది? మూడోది మీ బంగాళాదుంప.

నలభై యాభై కాగితాలు వచ్చాక తప్పొప్పులు దిద్దకండి, కారణాలను కుప్పలుగా విడదీయండి. బరువుంటే మునుగుతుందనేవాళ్లు ఒక కుప్ప. నీళ్లు ఎక్కువుంటే ఎక్కువ మోస్తాయనేవాళ్లు ఒకటి. లోపల గాలి ఉంటేనే తేలుతుందనేవాళ్లు ఒకటి. మెత్తగా ఉన్నది తేలుతుంది, గట్టిది మునుగుతుందనేవాళ్లు ఇంకొకటి. ఈ నాలుగూ ఏ దేశంలో అడిగినా కనబడేవే. వీటికి మించి మీ ఊరి పిల్లలే చెప్పగల కారణాలు వస్తాయి, వాటిని పారేయకండి. నూనె నీటికంటే చిక్కన కాబట్టి బరువైనదనే ఆలోచన ఉందేమో ప్రత్యేకంగా వెతకండి. కొబ్బరినూనె నీటి మీద తేలడం రోజూ చూసే పిల్లలు కూడా కాగితం మీద అలా రాయగలరు.

కుప్పలు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకే పిల్ల మూడు ప్రశ్నలకి మూడు వేరువేరు కారణాలు రాస్తుంది. దాన్ని "పొరపాటు సిద్ధాంతం" అని పేరుపెట్టి ఆ పిల్ల నెత్తిన రుద్దకండి. పిల్లల తప్పు ఆలోచనలు గట్టిగా అల్లుకున్న సిద్ధాంతాలనే పరిశోధకులున్నారు, సందర్భాన్నిబట్టి బయటికొచ్చే చిన్న చిన్న తునకలనే అమెరికా పరిశోధకుడు డిసెస్సా లాంటివాళ్లూ ఉన్నారు. తేలడం విషయంలో తునకల వాదమే నాకు నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. అందుకే కారణాన్ని పిల్ల పేరున కాక ప్రశ్నవారీగా నమోదు చేయండి.

రెండో మెట్టు: ఆరుగురితో మాటలు

ఒక్కో కుప్పలోంచి ఒకరిద్దరు చొప్పున ఆరు నుంచి ఎనిమిది మందిని ఒక్కొక్కరిగా పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి అడగండి. బల్ల మీద నీళ్ల గిన్నె, బంగాళాదుంప, కత్తి, కొవ్వొత్తి, మేకు పెట్టండి. ముందు ఏమవుతుందో చెప్పించి, తర్వాత వేయించండి.

మన వైపు ఒక చిక్కుంది. మాస్టారు "అర్థమైందా?" అంటే గోదావరి జిల్లాల పిల్లాడు "ఆయ్" అంటాడు. అది మర్యాద, అర్థమైందన్న సమాచారం కాదు. "అంటే బరువు తక్కువ కాబట్టి తేలిందంటావు, అంతేనా?" అని మీరు వాక్యం అందిస్తే దానికీ "ఆయ్" వస్తుంది, మీ పరిశోధనలో మీ మాటే పిల్లాడి మాటగా నమోదవుతుంది. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు మానేసి, "ఇదే మైనం ముద్దని నాలుగు ముక్కలు చేస్తే?", "ఇంకెక్కడైనా ఇలా చూశావా?" అని అడగండి. అడిగాక ఆగండి. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకనే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయనీ, నోరెత్తనివాళ్లు కూడా మాట్లాడతారనీ 1970ల్లోనే అమెరికా సైన్స్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో చూపించింది. మూడు సెకన్లు మనసులో లెక్కపెట్టి చూడండి, ఎంత పొడవో తెలుస్తుంది. "కరెక్ట్", "వెరీ గుడ్" ఇక్కడ పూర్తిగా నిషేధం. ఫోన్లో గొంతు రికార్డు చేయాలంటే హెడ్మాస్టరు గారి అనుమతి, తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోవాలి.

రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలను ఒకరిద్దరినైనా ఇందులో కలపండి. సెలినిటీ (నీటిలో ఉప్పుదనం) ఎంతుందో రిఫ్రాక్టోమీటర్ అనే పరికరంలో చూడటం, ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో వాళ్లకి ఇంట్లోనే తెలుసు. ఉప్పు కలిస్తే నీటి స్వభావం మారుతుందన్నది వాళ్లకి కొత్త కాదు. పిల్లల ముందస్తు ఆలోచనలంటే తప్పులే అన్నట్టు రాసే నివేదికలకి ఇలాంటివి కనబడవు.

మూడో మెట్టు: రెండంచెల ప్రశ్న

ఇప్పుడు అసలు పనిముట్టు తయారుచేయాలి. ప్రశ్నకి మొదటి అంచెలో జవాబు, రెండో అంచెలో కారణం. కారణాల ఎంపికలు మీరు ఊహించి రాయకూడదు, ఖాళీ కాగితాల్లోని పిల్లల వాక్యాలనే కొద్దిగా సరిచేసి వాడాలి. నమూనా చూడండి.

ఒక బంగాళాదుంప మంచినీళ్లలో మునిగింది. దాన్నుంచి గోరంత ముక్క కోసి అదే నీళ్లలో వేస్తే:
1. తేలుతుంది 2. మునుగుతుంది 3. మధ్యలో ఆగుతుంది

కారణం:
అ. ముక్క బరువు చాలా తక్కువ
ఆ. బరువు ఎంత వంతు తగ్గిందో ఘనపరిమాణమూ అంతే వంతు తగ్గింది
ఇ. చిన్న ముక్కని నీళ్లు పైకి నెట్టలేవు
ఈ. కోసిన వైపునుంచి నీళ్లు లోపలికి పోతాయి

2–ఆ ఒక్కటే సరైన జత. 2–ఇ, 2–ఈ పెట్టినవాళ్లని గమనించండి. జవాబు సరే, ఆలోచన తప్పు. మామూలు బిట్ పేపర్లో వీళ్లకీ పూర్తి మార్కే పడుతుంది. గుడ్డిగా టిక్కు పెడితే మూడింట ఒకవంతు తగిలే ప్రశ్న, కారణంతో కలిపితే పన్నెండింట ఒకవంతుకి పడిపోతుంది. ఇలాంటివి ఎనిమిది నుంచి పది ప్రశ్నలు చాలు. అంతకు మించితే చివరివి చదవకుండానే టిక్కులు పెడతారు.

ప్రశ్నపత్రం పాఠ్యపుస్తకంలా ఎడమవైపు ఇంగ్లిష్, కుడివైపు తెలుగు ఉండేలా అచ్చువేయించండి. ఇంగ్లిష్‌లో మాత్రమే ఇస్తే మీరు కొలిచేది భౌతికశాస్త్రమో భాషో తేలదు. ఇక "సాంద్రత" (ఒక ఘనసెంటీమీటరులో ఎంత ద్రవ్యరాశి ఉందన్నది) అన్న మాట ఏ ఎంపికలోనూ పెట్టకండి, ఇది ముఖ్యం. పాఠం అయ్యాక పిల్లలు ఆ మాట కనబడిన చోటల్లా టిక్కు పెడతారు. ముందు "బరువు తక్కువ" అన్నవాడే తర్వాత "సాంద్రత తక్కువ" అంటాడు. ముక్క చిన్నది కాబట్టి దాని సాంద్రత కూడా తక్కువేనంటే మారింది మాటొక్కటే.

పక్క హైస్కూల్ పిల్లలు ఇరవైమంది మీద ఒకసారి ప్రయత్నించి చూడండి. ఎవరూ పెట్టని ఎంపిక ఉంటే తీసేయండి.

నాలుగో మెట్టు: పాఠం

ఆస్ట్రేలియా పరిశోధకులు వైట్, గన్‌స్టోన్ వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది: ఏమవుతుందో ముందే రాయడం, చూడటం, రెండింటికీ తేడా వస్తే వివరించడం. ఒక్కో ప్రయోగానికి ఇరవై నిమిషాలు పెట్టుకోండి. మూడు నిమిషాలు ఎవరికి వారు రాయాలి. తర్వాత ఛాతీ దగ్గర వేళ్లతో ఓటు, పక్కవాడికి కనబడకుండా. సరైన జవాబు ముప్పై శాతం నుంచి డెబ్బై శాతం మధ్య ఉంటే వేరే జవాబు పెట్టినవాళ్లతో నాలుగు నిమిషాలు వాదించుకోనివ్వండి. ముప్పైకి తగ్గితే వాదన వల్ల లాభం లేదు, సూచన ఇవ్వాలి. డెబ్బై దాటితే ముందుకెళ్లిపోండి. ఆపైన ప్రయోగం. చూసింది రాశాకే వివరణ. ఈ వరస తప్పితే పిల్లలు తాము అనుకున్నదే చూశామని రాస్తారు.

ఉప్పునీటిలో గుడ్డు తేలడం అందరూ చేసే ప్రయోగమే, చెడేదీ ఎక్కువ అక్కడే. గుడ్డు తాజాదై ఉండాలి. రోజులు గడిచేకొద్దీ పెంకులోంచి తేమ పోయి లోపల గాలి అర పెరుగుతుంది, గుడ్డు తేలికవుతుంది. మంచినీళ్లలో అడుగున పడుకుంటే పనికొస్తుంది, నిలబడితే పక్కన పెట్టండి. తాజా గుడ్డు సాంద్రత ఘనసెంటీమీటరుకి సుమారు 1.08 గ్రాములు. దాన్ని తేల్చాలంటే లీటరు నీటికి 100 నుంచి 150 గ్రాముల ఉప్పు పడుతుంది. రెండు చెంచాలు వేసి తేలలేదని వదిలేసే తరగతులే ఎక్కువ. 20 గ్రాముల చొప్పున కలుపుతూ ప్రతిసారీ చూడండి, తేలిన దగ్గర ఆపి ఎంత పడిందో బోర్డు మీద రాయండి. గళ్లుప్పు కరగడానికి చాలాసేపు పడుతుంది, మురికి కూడా ఉంటుంది, కాబట్టి పొడి ఉప్పు మేలు. అడుగున కరగని ఉప్పుంటే కింద చిక్కటి పొర, పైన పలుచటి పొర ఏర్పడి గుడ్డు మధ్యలో వేలాడుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ మొదటి ప్రయోగంలోనే అలా జరిగితే పిల్లలకి దారి తప్పుతుంది. చివర్లో కావాలని చేయండి: ఉప్పునీటి మీద గరిటె ఆనించి మంచినీళ్లు మెల్లగా పోస్తే చాలు.

మంచినీళ్లని మీరనుకునేవి నిజంగా మంచినీళ్లేనా అన్నదీ చూసుకోవాలి. సముద్రానికి దగ్గరి మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగే నీళ్ల టిన్ను ఒకటి తెప్పించండి. చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటర్ దొరికితే ఇంకా మంచిది. ముందు ఆ టిన్ను నీళ్ల చుక్కతో సున్నాకి సరిచేయాలి. వాటి స్కేలు సాధారణంగా వెయ్యికి వంద పాళ్ల ఉప్పుతో ఆగిపోతుంది కాబట్టి గుడ్డు తేల్చిన ఉప్పునీటిని సమానంగా మంచినీళ్లతో కలిపి చూసి, వచ్చిన అంకెని రెట్టింపు చేయండి. లెక్క కాస్త అటూఇటైనా తరగతికి సరిపోతుంది.

ఇక్కడే మీకు మంచి ప్రశ్న దొరుకుతుంది: అంతర్వేది దగ్గర సముద్రంలో తాజా గుడ్డు తేలుతుందా? "ఉప్పునీళ్లు కాబట్టి తేలుతుంది" అని తరగతి మొత్తం అనొచ్చు. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, సాంద్రత 1.025 దగ్గర. గుడ్డు మునుగుతుంది. లీటరు నీటిలో 36 గ్రాముల ఉప్పు కలిపి అక్కడికక్కడే చూపించొచ్చు. నదీముఖం దగ్గర్నుంచి సీసాలో నీళ్లు తెప్పిస్తే పోటునిబట్టి, వరదనిబట్టి ఉప్పు మారుతుంది, కాబట్టి అది పోల్చడానికి పనికిరాదు.

ఉప్పు, తేలడం అనే రెండు మాటలు కాకుండా అంకెల సంబంధం కనబడాలంటే పరీక్షనాళిక వాడండి. 15 సెంటీమీటర్ల నాళికలో ఇసుక పోసి, మంచినీళ్లలో 12 సెంటీమీటర్లు మునిగి నిటారుగా నిలిచేలా సర్దండి. లోపల మిల్లీమీటర్ల గీతలున్న కాగితం చుట్టి పెట్టండి. అదే నాళిక సముద్రపు ఉప్పుదనం ఉన్న నీటిలో సుమారు 3 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, లీటరుకి 120 గ్రాములు కలిపిన నీటిలో 8 మిల్లీమీటర్ల పైచిలుకు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసేస్తే జాడీ తయారు. నాళిక సీసా గోడకి అంటుకుంటే అంకె తప్పుతుంది, గాజు మీద బుడగలు పట్టినా అంతే. వేలితో ఒకసారి కిందికి నొక్కి వదలండి.

పోలిక, లెక్క

ఏ సెక్షన్, బి సెక్షన్ పిల్లలు మొదటినుంచీ ఒకలాంటివాళ్లు కారు. అందుకే ఒక సెక్షన్‌కి అసలు అందకుండా చేయకండి. తేలడం పాఠం ఏ సెక్షన్‌కి కొత్త పద్ధతిలో, బి సెక్షన్‌కి మామూలుగా చెప్పండి. తర్వాతి పాఠానికి తిరగేయండి. రెండుచోట్లా పీరియడ్ల సంఖ్య ఒకటే ఉండాలి. ప్రయోగాల సెక్షన్ ఎనిమిది పీరియడ్లు తీసుకుని, రెండోది నాలుగింట్లో ముగిస్తే మీరు కొలిచింది సమయాన్నే.

పెరుగుదల లెక్క: తర్వాతి శాతంలోంచి ముందటి శాతం తీసేసి, దాన్ని వందలోంచి ముందటి శాతం తీసేయగా మిగిలినదానితో భాగించండి. ముందు 35, తర్వాత 61 అయితే 26 భాగించు 65, అంటే 0.4. హేక్ లెక్కన 0.3కి లోపు తక్కువ, 0.7 దాటితే ఎక్కువ. ముందూ తర్వాతా రెండూ రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి, ఎంతమంది తప్పిపోయారో నివేదికలో చెప్పండి. జులై, ఆగస్టుల్లో కాజ్‌వేలు మునిగితే లంక గ్రామాల పిల్లలు రారు, కోతల రోజుల్లో ఇంకొందరు రారు. రానివాళ్లు లాటరీ తీసినట్టు తప్పిపోరు, ఫలానా ఇళ్ల పిల్లలే తప్పిపోతారు. వాళ్లు లేకపోవడంతో సగటు మారిపోతుంది, అందుకే ఆ సంఖ్య చెప్పాలి. నవంబరు మొదట్లో ముందు పరీక్ష, నెలాఖరుకి తర్వాత పరీక్ష, సంక్రాంతి సెలవుల తర్వాత చెప్పకుండా మూడోసారి. ఈ మూడోదే అసలు ఫలితం.

సగటుతో పాటు ఒక చిన్న పట్టిక వేయండి: తప్పు నుంచి ఒప్పుకి, ఒప్పు నుంచి తప్పుకి, రెండుసార్లూ తప్పు, రెండుసార్లూ ఒప్పు. ఒప్పు నుంచి తప్పుకి వెళ్లినవాళ్ల కాగితాలు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాలి. ముందు పరీక్షలో అదృష్టం కలిసొచ్చిందా, మీ పాఠమే కొత్త తికమక పెట్టిందా అన్నది అక్కడే తెలుస్తుంది. లోపల గాలి ఉంటేనే తేలుతుందన్న ఆలోచన కొబ్బరికాయ ఉదాహరణ తర్వాత పెరిగిందేమో చూడండి. పెరిగితే గాలి ఏమాత్రం లేని మైనం ముద్దతో సరిచేయాలి.

ఖాళీ కాగితాల కుప్పలు మీరొక్కరే పెడితే చెల్లదు. జీవశాస్త్రం టీచరుగారికి మీ కుప్పల నిర్వచనాలిచ్చి, అవే కాగితాలు విడిగా పెట్టమనండి. నలభైలో ముప్పై నాలుగు కలిస్తే 85 శాతం. మొత్తం కాగితాల్లో సగం, అంటే 50 శాతం, యాదృచ్ఛికంగానే కలుస్తాయనుకుంటే, మిగిలిన 50లో 35, అంటే 0.7. దీన్ని కాపా అంటారు. 0.6కి తగ్గితే నిర్వచనాలు మళ్లీ రాసుకోవాలి.

ఎంతమంది పిల్లలు కావాలన్నారు. పోలిక మాట పక్కనపెడితే నలభైమంది ఉన్న ఒక్క సెక్షన్ చాలు. ఏ ఆలోచనలున్నాయో, పాఠం తర్వాత అవి ఎటు కదిలాయో జాగ్రత్తగా రాస్తే అదే పరిశోధన. సెక్షన్ల మధ్య 0.05, 0.1 తేడా వస్తే ఇంత చిన్న గుంపులో దానికి అర్థం లేదని మీరే రాసేయండి. అలా రాసినంత మాత్రాన నివేదిక విలువ తగ్గదు.

ఇంగ్లిష్‌లో రాయగలిగితే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల స్కూల్ సైన్స్ పత్రిక, అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వాళ్ల ఐ వండర్ ఉన్నాయి. ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం 1974 నుంచి ఈ పనే చేస్తోంది. వాళ్లు నడిపే ఎపిస్టీమ్ సదస్సు పత్రాలు చదివితే ఇలాంటివి ఎలా రాయాలో తెలుస్తుంది. పంపేటప్పుడు ప్రశ్నపత్రం మొత్తం జతచేయండి, ఒక్కో కారణానికి ఎంతమంది టిక్కు పెట్టారో ఆ అంకెలతో సహా. ముమ్మిడివరంలోనో భీమవరంలోనో ఇంకో మాస్టారు అదే పత్రం తన పిల్లలకిచ్చి పోల్చుకోవాలంటే కావాల్సినవి ఆ అంకెలే.